పాత కారులో పెట్రోలు వాసన: మూలం పట్టే పద్ధతి

(షోలాపూరులో యూనియన్ సభ్యుల ఆదివారం తరగతిలో, మిల్లు మెయింటెనెన్స్ ఖాతాలో పనిచేసి రిటైరైన ఫిట్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



యూనియన్ తరగతిలో బోనసు గురించో, పి.ఎఫ్. గురించో మాట్లాడతారు గాని కార్ల గురించి ఏమిటి అని మీలో కొందరికి అనిపించవచ్చు. కార్యదర్శి గారు నన్ను పిలిచినప్పుడు నేనూ అదే అడిగాను. "మీ బావ కారులో వాసన ఎట్లా పట్టుకున్నారో చెప్పండి చాలు, అందులో మనవాళ్లకు పనికొచ్చేది ఉంది" అన్నారు. అందుకే వచ్చాను. నేను ఉపన్యాసకుణ్ణి కాదు. 34 ఏళ్లు రింగు ఫ్రేముల కింద పడుకుని లేచినవాణ్ణి. తప్పులుంటే మన్నించండి.

మనవాళ్లకూ పాత కార్లకూ సంబంధం లేకపోలేదు. 1982 జనవరి 18న బొంబాయి మిల్లుల్లో సమ్మె మొదలైంది. దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది పని ఆపేశారు. ఆ తరువాత ఎన్నో మిల్లులు తిరిగి తెరుచుకోనే లేదు. సాంచాల మీద పనిచేసిన చేతులు కూరగాయల బండ్లు తోశాయి, వాచ్‌మన్ కర్రలు పట్టాయి, టాక్సీ స్టీరింగు పట్టాయి. ఆ టాక్సీలన్నీ దాదాపు ఒకటే బండి. కుర్లాలో ప్రీమియర్ కంపెనీ తయారుచేసిన ఫియట్. 1970లలో దానికి పద్మిని అని పేరు పెట్టారు. నల్ల ఒళ్లు, పసుపు నెత్తి. బొంబాయిలో ఆఖరి పద్మిని టాక్సీకి 20 ఏళ్లు నిండి 2023 అక్టోబరు చివర్లో రోడ్డు దిగిపోయింది. కానీ సొంత బండ్లుగా పద్మినిలు, అంబాసిడర్లు ఇంకా చాలామంది ఇళ్లలో ఉన్నాయి. పదిహేనేళ్లు దాటినా పరీక్ష చేయించి, మళ్లీ రిజిస్టరు చేయించి నడుపుకుంటున్నారు.

మా బావ అట్లాంటివాడే. సమ్మెకు ముందు బొంబాయిలో నేత ఖాతాలో పని. సమ్మె తరువాత 12 ఏళ్లు పరాయి టాక్సీ నడిపాడు. మిగిల్చుకున్న డబ్బుతో ఒక సెకండ్ హ్యాండ్ పద్మిని కొనుక్కుని మా ఊరు వచ్చేశాడు. పెళ్లిళ్లకు, ఆసుపత్రికి, గాణగాపూరు, తుల్జాపూరు యాత్రలకు వాడవాడంతటికీ అదే బండి. ఇద్దరు కూతుళ్లూ అత్తారింటికి అందులోనే వెళ్లారు. అందుకని దాన్ని అమ్మమంటే ఆయనకు కోపం.

రెండేళ్ల కిందట మా అక్క ఒక మాట మొదలుపెట్టింది. "బండి దగ్గర పెట్రోలు వాసన వస్తున్నది" అని. మా బావ ముక్కు ఎగబీల్చి చూసి, "నాకేం రావడం లేదు, పాత బండి అన్నాక ఆ మాత్రం వాసన ఉంటుంది" అన్నాడు. అక్క ఊరుకోలేదు. మనుమరాలికి సాయంత్రం అయ్యేసరికి తలనొప్పి అంటున్నదని చెప్పింది. అప్పుడు మిస్త్రీ దగ్గరికి తీసుకుపోయాడు.

మొదటి మిస్త్రీ కార్బురేటరు కిట్టు మార్చాడు. వాసన పోలేదు. రెండో మిస్త్రీ పంపు దగ్గరి రబ్బరు హోసు మార్చాడు. పోలేదు. మూడో ఆయన బండిని చుట్టూ ఒకసారి చూసి, "ఇది పోయేది కాదు కాకా, తుక్కుకు వేసేయండి" అన్నాడు. మొత్తం మీద నాలుగు వేల రూపాయలు పోయాయి, వాసన మాత్రం ఇంట్లోనే ఉంది. చుట్టుపక్కల వాళ్లు కూడా బండి తీసేయమని అనడం మొదలుపెట్టారు. ఆ స్థితిలో మా అక్క నాకు కబురు పెట్టింది.

నేను మోటారు మిస్త్రీని కాను. కానీ ఒకటి తెలుసు. నూలులో లోపం వస్తే మనం ఏం చేస్తాం? వైండింగులో కనపడింది కదా అని వైండింగు మిషను పార్టులు మారుస్తూ కూర్చుంటామా? వెనక్కి నడుస్తాం. రింగు ఫ్రేము, సింప్లెక్సు, డ్రాయింగు, కార్డింగు, బ్లో రూము. లోపం ఎంతెంత దూరంలో మళ్లీ వస్తున్నదో కొలిచి, ఏ రోలరు చుట్టుకొలతకు సరిపోతుందో చూసి, అది ఎక్కడ పుట్టిందో పట్టుకుంటాం. బావ కారుకు ఆ ముగ్గురూ చేసింది మందు, రోగం చూడటం కాదు. మూలం పట్టకుండా పార్టు మార్చడం అంటే చీకట్లో రాయి వేయడమే.

ముందుగా ఆ వాసన ఎంత ప్రమాదమో చెప్పాలి. మనం వాసనకు అలవాటుపడి దాన్ని తేలిగ్గా తీసుకుంటాం.

పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల కింద చలిలో కూడా అంటుకోగలంత ఆవిరి విడుస్తుంది. మన ఊరి మే నెల ఎండలో సంగతి చెప్పనక్కర లేదు. నిజానికి అంటుకునేది ద్రవం కాదు, దాని ఆవిరి. గాలిలో పెట్రోలు ఆవిరి నూటికి ఒకటిన్నర వంతు నుంచి ఏడున్నర వంతు దాకా ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు. ఆ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. కాబట్టి పైకి పోదు. నేల మీద పారుతుంది, గుంటల్లో, మోరీల్లో, గడప లోపలి పల్లంలో నిలుస్తుంది. బండి ఇక్కడ ఉంటే మంట అక్కడ అంటుకుని ఆవిరి వెంట బండి దాకా పరుగెత్తి రాగలదు. పైగా అందులో బెంజీను అనే పదార్థం కొద్దిగా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే అది రక్తాన్ని చెడగొడుతుంది, కాన్సరుకు దారి తీస్తుంది. తలనొప్పి, తల తిరుగుడు ముందే వస్తాయి.

ఇప్పుడు మా అక్కకే వాసన ఎందుకు వచ్చింది, బావకు ఎందుకు రాలేదు అన్నది చూడండి. మా అక్క బీడీలు చుడుతుంది. మన షోలాపూరులో ఎన్ని ఇళ్లలో ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చుని బీడీలు చుడతారో మీకు తెలుసు. బండి నిలిపే రేకుల షెడ్డు ఆ గడపకు ఆనుకునే ఉంది. ఆవిరి నేల మీద పారి కింద కూర్చున్న అక్క ముక్కుకు తగులుతున్నది. పక్కన ఆడుకునే మనుమరాలికి తగులుతున్నది. బావ మంచం మీద కూర్చుంటాడు. పైగా నలభై ఏళ్లుగా పెట్రోలు వాసనలోనే బతికిన ముక్కు. ఏ వాసనైనా కొంతసేపు పీలిస్తే ముక్కు దాన్ని చెప్పడం మానేస్తుంది. వాసన పోయినట్టు కాదు, ముక్కు అలిసిపోయినట్టు. అక్క చెప్పింది నిజం. ఆమె మాట మొదటి రోజే విని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

అందుచేత నేను వెళ్లి మొదట చేసిన పని బానెట్ ఎత్తడం కాదు. బండిని షెడ్డులోంచి చేత్తో తోసి బయట ఆరుబయట పెట్టించాను. స్టార్టు చేయనివ్వలేదు. బ్యాటరీ నుంచి బాడీకి కలిసే తీగ విప్పేశాను. బీడీ, అగ్గిపెట్టె, ఊదుబత్తి, స్టవ్వు అన్నీ దూరం. రెండు బకెట్ల ఇసుక, ఒక పొడి మందు సిలిండరు దగ్గర పెట్టాను. పెట్రోలు మంట మీద నీళ్లు పోయకూడదు. పెట్రోలు నీటి మీద తేలి మంటను ఇంకా దూరం మోసుకుపోతుంది. బల్బు వైరుతో వెలుతురు చూసే అలవాటు మిస్త్రీలకు ఉంటుంది. ఆ బల్బు పగిలిందంటే చాలు. టార్చి లైటు బయటే వెలిగించుకుని రావాలి, బండి దగ్గర స్విచ్చి నొక్కకూడదు. పెట్రోలు నోటితో పీల్చి తీయడం ఎవరూ చేయవద్దు. ఊపిరితిత్తుల్లోకి ఒక గుక్క పోయినా ప్రాణం మీదికి వస్తుంది.

ఇక వెతకడం. కాగితం తీసుకుని ట్యాంకు నుంచి ఇంజను దాకా పెట్రోలు నడిచే దారి రాశాను. పోసే మూత, దాని వాషరు. పోసే గొట్టం. గొట్టాన్ని ట్యాంకుతో కలిపే రబ్బరు జాయింటు. ట్యాంకు, దాని అతుకులు. ఎంత పెట్రోలు ఉందో చెప్పే ఫ్లోటు బిగించిన చోట గాస్కెటు. ట్యాంకు గాలి పీల్చుకునే దారి. బండి కింద పొడవునా పోయే లోహపు పైపు. ఇంజను దగ్గర రబ్బరు హోసు. పంపు. పంపు నుంచి కార్బురేటరుకు పైపు. కార్బురేటరులో తొట్టి, అందులో ఫ్లోటు, సూది వాల్వు. ఆఖరున సైలెన్సరు. ఇంతే. పన్నెండు పదమూడు చోట్లు. ఇవి కాక వాసన రావడానికి ఇంకో చోటు లేదు. కనపడని శత్రువు అనుకున్నది కాగితం మీద పెట్టేసరికి లెక్కకు వచ్చింది.

తరువాత మూడు ప్రశ్నలు. వాసన ఎప్పుడు వస్తుంది? ఎక్కడ ఎక్కువ? ఏం చేసిన తరువాత ఎక్కువ? ఈ మూడింటికి జవాబు దొరికితే సగం పని అయినట్టే.

బండి నడిపి వచ్చి ఆపిన పది పదిహేను నిమిషాలకు బానెట్ దగ్గర వాసన వస్తే కార్బురేటరును అనుమానించాలి. ఇంజను ఆపగానే వేడి పైకి ఎక్కి తొట్టిలో పెట్రోలును మరిగిస్తుంది. ఇంజను నడుస్తున్నంతసేపే వచ్చి, ఆపితే తగ్గిపోతే పంపు నుంచి కార్బురేటరు దాకా ఉన్న దారి. అక్కడ పంపు ఒత్తిడి ఉన్నది నడిచేటప్పుడే. పెట్రోలు నిండా పోయించినప్పుడు, మలుపు తిరిగినప్పుడు వస్తే పోసే గొట్టం, దాని జాయింటు. రాత్రంతా కదలకుండా ఉన్నా తెల్లారి వాసన ఉంటే ట్యాంకు వైపు, లేదా ట్యాంకు కంటే పల్లంలో ఉన్న పైపు, హోసు. నడిపేటప్పుడు నల్ల పొగతో కలిసి వస్తే చోకు ఇరుక్కుపోయింది, లేదా పెట్రోలు ఎక్కువ పోతున్నది.

ఈ లెక్కలు చెప్పి, అక్క చేతికి ఒక నోటు పుస్తకం ఇచ్చాను. "వారం రోజులు నువ్వే రాయాలి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. వాసన లేకపోతే సున్నా, కొంచెం ఉంటే ఒకటి, బాగా ఉంటే రెండు. బండి నడిచిందా, పెట్రోలు పోయించారా, అదీ రాయి" అన్నాను. ఆ వారం బండిని రాత్రిళ్లు కూడా బయటే, గోడకు దూరంగా పెట్టించాను. బావ నవ్వాడు. "మిస్త్రీలు ముగ్గురి వల్ల కానిది మీ అక్క పుస్తకం వల్ల అవుతుందా బామ్మర్దీ" అన్నాడు. నేను, "బావా, డాఫింగు లెక్క రాసేది కార్మికుడే గాని మేనేజరు కాదు" అన్నాను.

వారం తరువాత పుస్తకం చూస్తే విషయం కళ్లకు కట్టినట్టు ఉంది. సోమవారం బావ ట్యాంకు నిండా పోయించాడు. సోమ, మంగళ, బుధ మూడు రోజులు తెల్లవారుజామున రెండు. గురువారం బార్శీ దాకా పోయి వచ్చాడు, ట్యాంకు సగమైంది. ఆ రోజు నుంచి పొద్దున పూట ఒకటి. కానీ నడిపి వచ్చిన రోజు సాయంత్రం మళ్లీ రెండు. అక్క ఇంకో సంగతి కూడా రాసింది. డిక్కీ దగ్గర వాసన వేరు, బానెట్ దగ్గర వాసన వేరు. రెండు చోట్లా ఉంది.

అప్పుడు నాకు అర్థమైంది. ఇక్కడ దొంగ ఒక్కడు కాదు, ఇద్దరు. అందుకే ఒక మిస్త్రీ ఒకటి మార్చినా వాసన పోలేదు. ఒకదాన్ని బాగుచేసినా రెండోది మిగిలి ఉంటే, బాగుచేసింది తప్పు అనిపిస్తుంది. మిల్లులో కూడా ఇది చూశాం. ఒకే ఫ్రేములో అరిగిన రోలరూ, కోతపడిన ఏప్రనూ రెండూ ఉంటే ఏది మార్చినా లోపం పోనట్టే కనపడుతుంది. అందుకని ఒకసారికి ఒకటే మార్చాలి, మార్చి కొలవాలి, తరువాత రెండోదానికి పోవాలి.

వెనక నుంచి మొదలుపెట్టాను. బండి కింద నేల మీద పాత వార్తాపత్రికలు పరిచి రాత్రంతా ఉంచాను. కాగితం మీద చుక్క పడలేదు. అంటే కారడం లేదు, చెమర్చుతున్నది. పెట్రోలు చుక్క కింద పడేలోపే ఆవిరైపోతుంది కాబట్టి కాగితం పొడిగా ఉన్నంత మాత్రాన లీకు లేదని అనకూడదు. అప్పుడు అతుకులన్నీ తుడిచి ఆరబెట్టి సున్నపు సుద్దపొడి అద్దాను. తడి తగిలిన చోట సుద్ద రంగు మారుతుంది. ట్యాంకు అతుకులు తెల్లగానే ఉన్నాయి. ఫ్లోటు గాస్కెటు దగ్గర తెల్లగానే ఉంది. పోసే గొట్టం కింద రబ్బరు జాయింటు పైన కూడా తెల్లగానే ఉంది. కానీ ఆ జాయింటు అడుగు భాగం కంటికి కనపడదు. ఒక చిన్న గడ్డం అద్దం పెట్టి చూశాను. అడుగున సుద్ద పసుపు పచ్చగా తడిసింది. జాయింటు విప్పి చేత్తో వంచితే అడుగున గోరంత పొడవు చీలిక నోరు తెరిచింది. పైనుంచి చూస్తే కొత్తదిలా ఉంది. ట్యాంకు నిండా ఉంటే పెట్రోలు ఆ చీలిక దాకా వస్తుంది. సగమైతే అందదు. అక్క రాసిన సోమవారం లెక్క అదే.

పాత బండ్లలో డిక్కీకీ వెనక సీటుకూ మధ్య ఉండేది సన్నటి అట్ట. అద్దాలు దించి నడిపితే డిక్కీలోని గాలి ముందుకు లాక్కుని వస్తుంది. వెనక సీటులో కూర్చున్న పిల్లలకు వాసన ఎక్కువగా తగిలేది అందుకే.

ఆ జాయింటు మార్చాం. వారం చూశాం. పొద్దున పూట వాసన సున్నాకు వచ్చింది. నడిపి వచ్చిన సాయంత్రం మాత్రం ఒకటి, ఒక్కోసారి రెండు. ఇక ముందు వైపుకు వచ్చాను.

ఇంజను ఆయిలు చూసే కడ్డీ తీసి వాసన చూశాను. ఇది అందరూ గుర్తుపెట్టుకోవలసిన పరీక్ష. ఈ బండ్లలో పెట్రోలు పంపు ఇంజను పక్కన ఉంటుంది, కామ్ షాఫ్టు దాన్ని ఆడిస్తుంది. లోపల రబ్బరు పొర చిరిగితే పెట్రోలు ఇంజను ఆయిలులోకి దిగుతుంది. ఆయిలు మట్టం తగ్గడానికి బదులు పెరుగుతుంది, పలచబడుతుంది, బేరింగులు తినేస్తుంది. బావ బండిలో ఆయిలు బాగుంది. పంపు నిర్దోషి. కార్బురేటరు బయట తడి లేదు. ఫ్లోటు తీసి చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోలు చప్పుడు లేదు. చప్పుడు ఉంటే చిల్లుపడి మునుగుతున్నట్టు, తొట్టి పొంగుతున్నట్టు. మొదటి మిస్త్రీ పని సరిగ్గానే చేశాడు పాపం.

ఇక మిగిలింది ఆ కొత్త హోసు. కొత్తది కదా అని ఎవరూ దాన్ని అనుమానించలేదు. పట్టుకుని చూస్తే జిగటగా మెత్తబడి ఉంది. తెల్ల గుడ్డతో గట్టిగా తుడిస్తే గుడ్డకు నల్ల మరక, మరకకు పెట్రోలు వాసన. చీలిక లేదు, చిల్లు లేదు. రబ్బరు గోడలోంచే పెట్రోలు చెమర్చుతున్నది. వేడి ఎక్కినప్పుడు ఇంకా ఎక్కువ. మార్చి ఏడాది కూడా కాలేదు.

ఎందుకిట్లా అయింది? ఇక్కడ మన పెట్రోలు సంగతి చెప్పుకోవాలి. దేశంలో పెట్రోలులో ఇథనాలు కలుపుతున్నారు. చెరుకు మడ్డి నుంచి, చెరుకు రసం నుంచి, ధాన్యం నుంచి తీసే ఒక రకం సారాయి అది. 2022లో నూటికి 10 వంతులు కలపడం పూర్తయింది. 2023లో 20 వంతుల పెట్రోలు అమ్మకం మొదలైంది. 2025 నాటికి దేశమంతటా 20 వంతులకు చేరింది. చెరుకు రైతుకు దాని వల్ల మేలుందని అంటారు. ఆ చర్చ వేరు. కానీ 30, 40 ఏళ్ల కిందటి బండ్లలోని రబ్బరు ఆ పెట్రోలు కోసం చేసింది కాదు. ఇథనాలు పాత రకం రబ్బరును ఉబ్బిస్తుంది, మెత్తబరుస్తుంది, ఆరినప్పుడు పగలగొడుతుంది. గాలిలో తేమ పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాలూ నీరూ కలిసి ట్యాంకు అడుగున విడిపోయి తుప్పు పట్టిస్తాయి. పాత ట్యాంకులో ఏళ్లుగా అంటుకుని ఉన్న మడ్డిని కడిగి ఫిల్టరులోకి తెస్తుంది. మా బావ బండిలో అడుగున దాగిన చీలికకూ, కొత్త హోసు చెమర్చడానికీ ఇదే కారణమని నా నమ్మకం.

కాబట్టి పాత బండి ఉన్నవాళ్లు హోసు కొనేటప్పుడు మీటరు లెక్కన దొరికే సాదా రబ్బరు గొట్టం, నీళ్ల గొట్టం వేయించుకోవద్దు. ఇథనాలు పెట్రోలుకు పనికివచ్చేదని అడిగి తీసుకోండి. మంచి రకం మీద ఎస్.ఏ.ఈ. జె 30 ఆర్ 9 అని ముద్ర ఉంటుంది. ఖరీదు రెండు మూడింతలు. అయినా మూర కూడా పట్టదు. పంపు పొర, సూది వాల్వు, గాస్కెట్లు కూడా అట్లాంటి పెట్రోలును తట్టుకునే రకమే అడగండి. నెలల తరబడి నడపని బండిలో ఆ పెట్రోలును నిలవ ఉంచవద్దు. క్లిప్పు మరీ బిగించి రబ్బరును కోయవద్దు.

ఆ హోసు మార్చాం. అక్క పుస్తకంలో ఆ తరువాత మూడు వారాలు వరుసగా సున్నాలే. రెండు రబ్బరు ముక్కలూ కలిపి ఖర్చు ఆరు వందల లోపు. పోయిన నాలుగు వేలు ఎట్లాగూ పోయాయి. బండి ఇప్పటికీ నడుస్తున్నది. కానీ షెడ్డులో గడప వైపు ఒక మూరెడు గోడ కట్టించి, బయటి వైపు కింద గాలి పోయే కంత పెట్టించాను. లీకు లేకపోయినా పెట్రోలు పెట్రోలే.

మధ్యలో ఒక సంగతి జరిగింది, అది చెప్పకపోతే ఈ ప్రసంగం అసంపూర్ణం. నేను రాకముందు, ట్యాంకులోనే లీకు ఉందని ఎవరో చెబితే, బావ ట్యాంకు ఖాళీ చేసి వెల్డింగుకు ఇవ్వబోయాడట. దుకాణం ఆ రోజు మూసి ఉండబట్టి సరిపోయింది. మిత్రులారా, నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు ప్రమాదం. నిండుగా ఉంటే లోపల గాలి లేదు, పేలడానికి చోటు లేదు. ఖాళీగా ఉంటే ఆవిరీ గాలీ కలిసి బాంబులాగా ఉంటుంది. రెండుసార్లు నీళ్లతో కడిగినా అతుకుల్లో, మడ్డిలో దాగిన పెట్రోలు వేడికి మళ్లీ ఆవిరవుతుంది. ఆ పని తెలిసినవాళ్లు సరైన పద్ధతిలో ఆవిరి పూర్తిగా తీసేసి, పరీక్షించి చేయాలి, లేదా ట్యాంకే మార్చాలి.

ఇది ఇంటి సంగతే కాదు, మిల్లు సంగతి కూడా. మన దగ్గర ఖాళీ డ్రమ్ములు ఎన్ని కోసి తొట్లు చేయడం లేదు? కిరోసిను డ్రమ్ములు, మరకలు తీసే మందుల డ్రమ్ములు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 37వ సెక్షను ఈ విషయం మీదే రాశారు. అంటుకునే పదార్థం ఉన్న, లేదా ఒకప్పుడు ఉన్న ట్యాంకును గాని పాత్రను గాని, ఆ పదార్థాన్నీ దాని ఆవిరినీ తీసేసే ఏర్పాటు చేయకుండా వెల్డింగు, కోత పని చేయకూడదని అందులో ఉండేది. ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. చట్టం పేరు మారినా ఆవిరి స్వభావం మారలేదు. "ఏం కాదు, కోసేయ్" అని ఎవరన్నా మొదట అడగవలసిన మాట "ఇందులో ఇంతకుముందు ఏముండేది?"

కొత్త కోడ్ 14వ సెక్షనులో ఒక హక్కు ఉంది. ప్రాణానికి, ఆరోగ్యానికి వెంటనే ముప్పు ఉందని కార్మికుడికి తగిన కారణంతో భయం కలిగితే, యజమానికి నేరుగా గాని సేఫ్టీ కమిటీ సభ్యుడి ద్వారా గాని తెలియజేయవచ్చు. అదే సమయంలో ఇన్‌స్పెక్టరుకు కూడా తెలియజేయవచ్చు. ఈ హక్కు మన కార్మికుల్లో ఎందరికి తెలుసు? తెలిసినా, "వాసన వస్తున్నది సాబ్" అంటే, "పాత మిషను, ఆ మాత్రం ఉంటుంది, పో" అంటారని నోరు మూసుకునేవాళ్లు ఎందరు?

భోపాలులో 1984 డిసెంబరు 2 రాత్రి ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. అర్ధరాత్రికి అరగంట ముందే అక్కడి కార్మికులకు కళ్లు మండాయి. ఎక్కడో విషవాయువు లీకవుతున్నదని కనిపెట్టి పైవాళ్లకు చెప్పారు. టీ తాగిన తరువాత చూద్దాం అనుకున్నారు. ఆ ఫ్యాక్టరీలో అట్లాంటి చిన్న లీకులు మామూలే అని అలవాటుపడ్డారు. ఆ తరువాత జరిగింది ప్రపంచమంతటికీ తెలుసు. ఆ దుర్ఘటనకు కారణాలు ఎన్నో ఉన్నాయి. మూసేసిన, పనిచేయని రక్షణ యంత్రాలున్నాయి, తగ్గించిన మనుషులున్నారు. కానీ మొదటి కబురు తెచ్చింది మాత్రం కార్మికుల కళ్లూ ముక్కులే. ఆ తరువాతే 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకరమైన పనుల్లో కార్మికుడు ముందుగా హెచ్చరించే హక్కు రాశారు.

అందుకని నేను మీకు చెప్పేది నాలుగు మాటలే.

వాసన వస్తున్నదని ఎవరన్నా, వాళ్లు ఆడవాళ్లయినా, పిల్లలయినా, నిన్న చేరిన బదిలీ కార్మికుడైనా, నమ్మి మొదలుపెట్టండి. ఏళ్లుగా అక్కడే ఉన్న ముక్కు కంటే బయటినుంచి వచ్చిన ముక్కు నిజం చెబుతుంది.

ముందు నిప్పు తీసేయండి, గాలి ఆడనివ్వండి. వెతకడం ఆ తరువాత.

దారి మొత్తం కాగితం మీద రాసుకుని, ఎప్పుడు, ఎక్కడ, ఏం చేసిన తరువాత అని అడగండి. రోజూ రాసిపెట్టండి. రాసిన కాగితం ముందు మిస్త్రీ గాని మేనేజరు గాని "అదేం లేదు" అనలేడు. ఒకసారికి ఒకటే మార్చండి. మార్చాక కొలవండి. ఒకటి దొరికింది కదా అని రెండోదాన్ని వదిలిపెట్టవద్దు.

నాలుగోది, ఖాళీ ట్యాంకును, ఖాళీ డ్రమ్మును ఎప్పుడూ ఖాళీ అనుకోవద్దు.

మొన్న అక్క ఇంటికి వెళితే ఆ నోటు పుస్తకం ఇంకా గడప పక్కన మేకుకు వేలాడుతున్నది. ఇంకా రాస్తున్నావా అక్కా అంటే, "నెలకొకసారి రాస్తున్నా, మళ్లీ వస్తే మీ బావకు చూపించాలి కదా" అన్నది. బావ ఈసారి నవ్వలేదు. ట్యాంకు మూత తీసి వాషరు చూసుకుంటున్నాడు. మన ఖాతాల్లో కూడా అట్లాంటి పుస్తకం ఒకటి వేలాడాలని, అందులో రాసింది చదివే బాధ్యత మన సేఫ్టీ కమిటీ సభ్యులు తీసుకోవాలని కోరుతున్నాను.